‘షుగర్ ప్లస్ క్యాన్సర్ మార్కర్’ ప్యాకేజీ: షుగర్‌కి నాలుగు స్టార్లు, క్యాన్సర్‌కి ఒక్కటి

పొద్దున గేటుకి దోపిన కరపత్రంలో ఒకసారి, మధ్యాహ్నం వాట్సాప్ పోస్టరులో ఇంకోసారి: “షుగర్ ఉందా? ప్యాంక్రియాస్ క్యాన్సర్ ముప్పు రెండింతలు! ఈ వారం మాత్రమే సగం ధర.” హైదరాబాద్‌లో అమ్మే షుగర్ ప్యాకేజీల్లోకి ఇప్పుడు ‘క్యాన్సర్ మార్కర్’ తాలింపులా వచ్చి చేరింది. ఈ రివ్యూ ఫలానా ల్యాబు మీద కాదు. అమీర్‌పేట నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా చిన్నాపెద్దా తేడాలతో అమ్ముడవుతున్న ఒకే రకం సరుకు మీద.

సరుకులో ఉండేవి ఇవి: పరగడుపు షుగర్, తిన్న రెండు గంటలకి షుగర్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), కొలెస్ట్రాల్ పరీక్షలు, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), లివర్ పరీక్షలు, మూత్రంలో ఆల్బుమిన్. వీటికి తోడు ‘క్యాన్సర్ మార్కర్’ పేరుతో సీఏ 19-9 అనే రక్తపరీక్ష, కొన్నిచోట్ల కడుపు అల్ట్రాసౌండ్. ధర మూడు వేలకు అటూఇటూ. మొదటి ఏడూ షుగర్ ఉన్న ఎవరికైనా ఏడాదికోసారైనా కావలసినవే, విడివిడిగా చేయిస్తే బిల్లు పెరుగుతుంది. ఆ భాగానికి నాలుగు స్టార్లు ఇవ్వొచ్చు. క్యాన్సర్ భాగానికి ఒకటే. ఆ ఒకటీ ఎందుకిచ్చామో మధ్యలో వస్తుంది.

ముందు పోస్టరు సంగతి. “రెండింతలు” అన్నది అబద్ధం కాదు. షుగర్ ఉన్నవాళ్లలో క్లోమ గ్రంథి (ప్యాంక్రియాస్) క్యాన్సర్ మిగతావాళ్లలో కంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు కనిపిస్తుంది. 2005లో 36 అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణలో 1.8 రెట్లు అని తేలింది. అయితే దేనికి రెండింతలు? అమెరికాలో ఏటా లక్ష మందిలో 13 మందికి అటూఇటూగా ఈ క్యాన్సర్ వస్తుంది. మన దేశంలో అది అందులో పదో వంతు లాంటిది. రూపాయిని రెట్టింపు చేస్తే వచ్చేది రెండు రూపాయలే. పదేళ్లుగా షుగర్ ఉండి, గోళీలు వేసుకుంటూ, బరువు నిలకడగా ఉన్న మనిషి ఈ పోస్టరు చూసి నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు.

ఆ 2005 లెక్కలోనే పోస్టరు వేయని ఇంకో ముక్క ఉంది, అసలు విషయం అదే. షుగర్ బయటపడి నాలుగేళ్లు నిండనివాళ్లలో ముప్పు 2.1 రెట్లు, ఐదేళ్లు దాటినవాళ్లలో 1.5 రెట్లు. షుగరే క్యాన్సర్ తెచ్చేదైతే ఏళ్లు గడిచేకొద్దీ ముప్పు పెరగాలి గదా, తగ్గుతోందేమిటి? ఎందుకంటే కొందరిలో కథ వెనక నుంచి ముందుకి నడుస్తుంది. క్లోమంలో ముందు గడ్డ మొదలవుతుంది, దాని వల్ల షుగర్ పెరుగుతుంది, మనకు ముందుగా కనిపించేది షుగరే. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం, రోచెస్టర్‌లోని మేయో క్లినిక్ వాళ్లు 50 ఏళ్లు దాటాక కొత్తగా షుగర్ వచ్చిన 2,122 మంది రికార్డులు తీసి చూస్తే, మూడేళ్లలోపు 18 మందికి ఈ క్యాన్సర్ తేలింది. అంటే 0.85 శాతం, 118 మందిలో ఒకరు. ఆ ఊళ్లో ఆ వయసువాళ్లలో మామూలుగా ఉండాల్సినదానికి ఇది ఎనిమిది రెట్లు. మిగిలిన 117 మందిది మనందరికీ తెలిసిన మామూలు షుగరే. తర్వాత అదే బృందం వెనక్కి లెక్క వేస్తే, క్యాన్సర్ బయటపడటానికి 30 నుంచి 36 నెలల ముందే పరగడుపు షుగర్ ఎక్కడం మొదలైందని తెలిసింది.

అందుకని ప్యాకేజీ బుక్ చేసుకునేటప్పుడు అడగాల్సిన మొట్టమొదటి ప్రశ్న: “షుగర్ ఎప్పుడు బయటపడింది?” బుకింగ్ ఫారంలో పేరు, వయసు, ఫోను నంబరు, లొకేషన్ పిన్ ఉంటాయి. ఈ ప్రశ్న మాత్రం ఉండదు. ఇరవై ఏళ్ల పాత షుగర్ మనిషికీ, పోయిన నెల షుగర్ తేలిన 58 ఏళ్ల మనిషికీ ఒకటే ప్యాకేజీ, ఒకటే రిపోర్టు. ఈ సరుకులో మొదటి లోపం అది.

ఇక సీఏ 19-9. పేరులో క్యాన్సర్ వినపడుతుంది గానీ ఇది క్యాన్సర్‌కి మాత్రమే పుట్టే పదార్థం కాదు. పిత్తనాళాలు, క్లోమనాళాల లోపలి పొర కణాలు మామూలుగానే కొద్దికొద్దిగా తయారుచేసే ఒక చక్కెర గొలుసు. మిల్లీలీటరుకు 37 యూనిట్ల లోపు నార్మల్ అని రాస్తారు. పిత్తం పారే దారికి ఏది అడ్డుపడినా ఇది రక్తంలోకి పొంగుతుంది: నాళంలో రాయి, పచ్చకామెర్లు, నాళానికి ఇన్‌ఫెక్షన్, ప్యాంక్రియాటైటిస్ (క్లోమం వాపు). లివర్ జబ్బుల్లో పెరుగుతుంది. అండాశయంలో కొన్ని గడ్డలుంటే పెరుగుతుంది. షుగర్ అదుపు తప్పినప్పుడు కూడా కొంచెం పెరుగుతుంది. ఇక్కడే తమాషా: ఎవరికైతే ఈ పరీక్ష అమ్ముతున్నారో వాళ్లలోనే ఇది ఊరికే ఎక్కువ చూపించే అవకాశం ఎక్కువ.

ఇంకో వైపు, రక్తంలో లూయిస్ అనే యాంటిజెన్ (బ్లడ్ గ్రూపు లాంటి గుర్తు) అసలే లేనివాళ్లు వందలో ఐదు నుంచి పది మంది ఉంటారు. వాళ్ల ఒంటికి ఈ గొలుసు తయారుచేయడమే రాదు. గడ్డ పెద్దదై కూర్చున్నా రిపోర్టు మాత్రం నార్మలే. గడ్డ చిన్నగా ఉన్నప్పుడు, అంటే పట్టుకోవడం నిజంగా పనికొచ్చే దశలో, మిగతావాళ్లలో కూడా చాలామందికి ఇది 37 దాటదు.

దక్షిణ కొరియాలోని సియోల్‌లో ఏ లక్షణాలూ లేని 70,940 మందికి ఈ పరీక్ష చేసి 2004లో ఫలితాలు ప్రచురించారు. 37 దాటినవాళ్లు 1,063 మంది. వాళ్లలో క్లోమం క్యాన్సర్ ఉన్నది నలుగురికి. మిగిలిన వెయ్యిమంది పైచిలుకు స్కానుల చుట్టూ తిరిగి ఉంటారు. అమెరికాలో స్క్రీనింగ్ పరీక్షల మీద సలహా ఇచ్చే ప్రభుత్వ నిపుణుల బృందం, లక్షణాలు లేనివాళ్లకు ఈ క్యాన్సర్ కోసం పరీక్షలు చేయొద్దని 2019లో మరోసారి తేల్చి చెప్పింది. సీఏ 19-9 పని వేరే: క్యాన్సర్ ఉందని తేలాక మందు పనిచేస్తోందా, ఆపరేషన్ తర్వాత తిరగబెట్టిందా అని చూసుకోవడం. ఆ పనికి అది మంచి పరీక్షే. దాన్ని తెచ్చి జాతరలో బుడగల్లా అమ్మడం దగ్గరే మా పేచీ.

సరే, కొన్నారు, చేయించారు, రిపోర్టు వచ్చింది. పీడీఎఫ్ మూడో పేజీలో 48, పక్కన బోల్డులో ‘హెచ్’, అంటే ఎక్కువని. ఇంట్లో అందరి మొహాలూ వాడిపోతాయి. అప్పుడు కళ్లు వెళ్లాల్సింది అదే రిపోర్టులో రెండో పేజీకి, లివర్ పరీక్షల వైపు. బిలిరుబిన్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పెరిగి ఉన్నాయా? ఉంటే పిత్తనాళంలో ఏదో అడ్డు ఉన్నట్టు. అది రాయి కావచ్చు, వాపు కావచ్చు, గడ్డ కావచ్చు, ఏదైనా ఆ వారంలోనే డాక్టరుకి చూపించాల్సిందే. పైన చెప్పిన ఒక్క స్టారు ఇందుకే: మార్కర్ పక్కన లివర్ పరీక్షలు కూడా పెట్టినందుకు. అవి రెండూ నార్మల్‌గా ఉండి, బరువు నిలకడగా ఉండి, కడుపునొప్పి లేకపోతే, 48 అనేది తొందరపడాల్సిన అంకె కాదు. షుగర్ అదుపులోకి తెచ్చుకుని నెల రెండు నెలలాగి, అదే ల్యాబులో మళ్లీ చేయించాలి. ‘అదే ల్యాబు’ అన్నది ఊరికే అనలేదు. ఒక కంపెనీ మెషీన్‌లో 48 వచ్చిన రక్తానికి ఇంకో కంపెనీ మెషీన్‌లో 30 రావచ్చు, 70 రావచ్చు. రెండు ల్యాబుల అంకెలు పక్కపక్కన పెట్టి పెరిగిందనో తగ్గిందనో అనుకోకూడదు. రెండోసారికి తగ్గితే గొడవ వదిలింది. 48 కాస్తా 90, ఆ తర్వాత 160 అయిందంటే కామెర్లు లేకపోయినా సీటీ స్కాన్ దాకా వెళ్లాల్సిందే.

జుట్టు ఊడుతోందని బయోటిన్ గోళీలు మింగేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. 5 మిల్లీగ్రాములు, 10 మిల్లీగ్రాములు బయోటిన్ వేసుకుంటుంటే కొన్ని మెషీన్లలో సీఏ 19-9 ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. రక్తం ఇచ్చే ముందు రెండు మూడు రోజులు ఆపాలి. ఫోనులో బుకింగ్ తీసుకునే అమ్మాయి “పన్నెండు గంటలు ఏం తినకండి, నీళ్లు తాగొచ్చు” అని తప్పకుండా చెబుతుంది. బయోటిన్ ఊసు రాదు.

ఇంటికొచ్చి రక్తం తీసే సర్వీసు గురించి కూడా చెప్పాలి, ఇందులో మంచీ చెడూ రెండూ ఉన్నాయి. పొద్దున ఆరున్నరకి బైకు మీద కుర్రాడొస్తాడు. “ఆంటీ, రాత్రి ఎన్నింటికి తిన్నరు?” అని అడిగి రాసుకున్నాడంటే పని తెలిసినవాడన్నట్టు. చూడాల్సింది ట్యూబుల మూతల రంగులు. షుగర్‌కి బూడిదరంగు మూత. అందులో ఫ్లోరైడ్ ఉంటుంది. అది లేకపోతే ట్యూబులోని రక్తకణాలే చక్కెర తింటూ పోతాయి, గంటకి 5 నుంచి 7 శాతం చొప్పున అంకె పడిపోతుంది. మే నెల ఎండలో సంచిలో వేసుకుని నాలుగిళ్లు తిరిగొస్తే పరగడుపు షుగర్ 130 ఉన్న మనిషికి 105 రావచ్చు. ఐస్ ప్యాకులున్న పెట్టె తెచ్చాడా లేదా అని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. హెచ్‌బీఏ1సీకి ఊదారంగు మూత. సీఏ 19-9కి, లివర్ పరీక్షలకి పసుపు లేదా ఎరుపు మూత. రక్తం తీశాక ట్యూబుని ఐదు నుంచి పదిసార్లు మెల్లగా తిరగేయాలి, కొబ్బరినీళ్ల సీసాలా ఊపితే కణాలు పగిలి పొటాషియం లాంటివి తప్పు వస్తాయి. ఇంకొకటి: రక్తహీనత ఉన్న ఆడవాళ్లకి, ముఖ్యంగా ఐరన్ తక్కువైనవాళ్లకి, హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. హిమోగ్లోబిన్ 8 ఉన్న మనిషికి హెచ్‌బీఏ1సీ 6.6 వచ్చిందని “కొత్తగా షుగర్” అని ముద్ర వేసేముందు పరగడుపు షుగర్ చూడాలి.

అల్ట్రాసౌండ్ ఉన్న ప్యాకేజీకి వెయ్యి రూపాయలు ఎక్కువ. క్లోమం కడుపులో ఎక్కడో వెనక, జీర్ణాశయం చాటున, వెన్నెముకకి ఆనుకుని అడ్డంగా పడుకుని ఉంటుంది. సుమారు 15 సెంటీమీటర్ల పొడవు. మధ్యలో పేగుల్లో గాలి. అల్ట్రాసౌండ్ తరంగం గాలిని దాటి వెళ్లదు. అందుకే రిపోర్టులో చిన్నక్షరాల్లో ఒక లైను ఉంటుంది: “ప్యాంక్రియాస్ హెడ్ అండ్ బాడీ నార్మల్, టెయిల్ అబ్‌స్క్యూర్డ్ బై బవెల్ గ్యాస్.” అంటే తోక భాగం కనపడలేదని. అదే పేజీ అడుగున ‘ఇంప్రెషన్’ దగ్గర “నో సిగ్నిఫికెంట్ అబ్‌నార్మాలిటీ” అని ఉంటుంది, జనం చదివేది ఆ లైనే. చూడని చోట ఏమీ లేదని రాసినట్టు అర్థమవుతుంది. రేడియాలజిస్టు అబద్ధం రాయలేదు, కనపడలేదని పైన రాశాడు. ప్యాకేజీ అమ్మినవాళ్లు మాత్రం దాన్ని క్లోమం పరీక్షగా లెక్కేశారు.

దీంట్లో ఇంకో పొరపాటు వరసలో జరుగుతుంది. పరగడుపు రక్తం ఇచ్చాక ‘తిన్న తర్వాత’ షుగర్ కోసం సెంటరు పక్కనే టిఫిన్ చేసి రమ్మంటారు. మూడు ఇడ్లీలు, వడ, చాయ్ అయ్యాక ఖాళీగా ఉంది గదా అని స్కాన్‌కి పిలుస్తారు. కడుపునిండా తిండి, గాలి. పైగా తినగానే పిత్తాశయం ముడుచుకుపోతుంది, అందులో చిన్న రాళ్లుంటే కనపడవు. సీఏ 19-9 ఊరికే పెరగడానికి పెద్ద కారణాల్లో ఒకటైన రాళ్లు అలా తప్పించుకుంటాయి. స్కాన్ ముందు, టిఫిన్ తర్వాత: రిసెప్షన్‌లో గట్టిగా చెప్పి ఈ వరస మార్పించుకోవాలి.

ప్యాకేజీతో పాటు ‘ఉచిత కౌన్సెలింగ్’ ఫోను ఒకటొస్తుంది. డైట్ గురించి చెప్పేదంతా బాగానే ఉంటుంది, రాత్రి అన్నం తగ్గించి ముందు కూర తినమనడం దాకా. మందుల దగ్గరికొచ్చేసరికి వాట్సాప్ చదువు బయటపడుతుంది: “ఆ గ్లిప్టిన్ గోళీలు ప్యాంక్రియాస్‌ని పాడుచేస్తాయండీ, క్యాన్సర్ కూడా వస్తుందట.” ఈ మాట విని ఎవరైనా గోళీలు ఆపితే నష్టం ప్యాకేజీ ధర కంటే చాలా పెద్దది. కాబట్టి దీని మీద కాస్త ఎక్కువే చెప్పాలి.

భయం గాల్లోంచి పుట్టలేదు. గ్లిప్టిన్ గోళీల్లో ఒకటైన సిటాగ్లిప్టిన్ 2006లో అమెరికాలో అనుమతి పొందింది. 2011లో, 2013లో అక్కడి పరిశోధకులు కొందరు ఈ రకం మందులు వాడినవాళ్ల క్లోమాల్లో తేడాలు కనిపిస్తున్నాయని రాశారు. దాంతో అమెరికా, యూరప్ ఔషధ నియంత్రణ సంస్థలు రెండూ కలిసి ఉన్న సమాచారమంతా తిరగేసి, ఈ మందులే క్యాన్సర్ తెస్తున్నాయనడానికి ఆధారం సరిపోదని 2014లో చెప్పాయి. 2015లో సిటాగ్లిప్టిన్ మీద 14,671 మందితో చేసిన పెద్ద ట్రయల్ ఫలితం వచ్చింది: క్లోమం క్యాన్సర్ మందు వేసుకున్నవాళ్లలో 9 మందికి, ఉత్తుత్తి గోళీ వేసుకున్నవాళ్లలో 14 మందికి. అదే ట్రయల్‌లో ప్యాంక్రియాటైటిస్ మాత్రం మందు వైపు 23, ఉత్తుత్తి గోళీ వైపు 12. కాబట్టి ఇంతకుముందు ప్యాంక్రియాటైటిస్ వచ్చినవాళ్లు ఆ సంగతి డాక్టరుకి చెప్పి తీరాలి. మిగతావాళ్లు క్యాన్సర్ భయంతో గ్లిప్టిన్ ఆపనక్కర్లేదు. విల్డాగ్లిప్టిన్ పేటెంటు 2019లో, సిటాగ్లిప్టిన్‌ది 2022లో అయిపోయి ధరలు దిగొచ్చాక మన ఊళ్లో ఏ షుగర్ చీటీలో చూసినా వీటిలో ఒకటి కనిపిస్తుంది, అందుకే ఈ వివరమంతా.

బరువు తగ్గించే ఇంజెక్షన్ల సంగతీ దాదాపు ఇంతే. వాటిలో ఒకటైన లిరాగ్లూటైడ్ మీద 9,340 మందితో చేసి 2016లో ప్రచురించిన ట్రయల్‌లో క్లోమం క్యాన్సర్ మందు వైపు 13, ఉత్తుత్తి సూది వైపు 5 ఉన్నాయి. ఈ అంకె ఒక్కటే చూపించి భయపెట్టేవాళ్లున్నారు. సెమాగ్లూటైడ్ ట్రయల్‌లో ఇదే లెక్క 1, 4 అని తిరగబడింది; ఇంత చిన్న అంకెలు అటూఇటూ ఊగుతాయి. ఇజ్రాయెల్‌లో షుగర్ ఉన్న 5,43,595 మంది రికార్డులు చూసి 2024లో ప్రచురించిన అధ్యయనంలో, ఇన్సులిన్ వాడినవాళ్లతో పోలిస్తే ఈ ఇంజెక్షన్ల వాళ్లలో ఏడేళ్ల దాకా ముప్పు పెరగలేదు.

పయోగ్లిటజోన్ అనే ఇంకో షుగర్ గోళీది వేరే కథ. మన దేశంలో 2013 జూన్‌లో దాని అమ్మకం ఆపేసి, జూలై ఆఖరుకి హెచ్చరికతో మళ్లీ అనుమతించారు. అప్పటి గొడవ మూత్రాశయం క్యాన్సర్ మీద. 2015లో కాలిఫోర్నియాలో చేసిన అధ్యయనంలో క్లోమం క్యాన్సర్ 1.41 రెట్లు కనిపించింది. అందులో ఎంత మందు వల్ల, ఎంత షుగర్ ముదిరినవాళ్లకే ఆ మందు రాయడం వల్ల అన్నది ఆ అధ్యయనం తేల్చలేదు. ఇన్సులిన్ దగ్గర ఈ చిక్కు మరీ ఎక్కువ: లోపల గడ్డ ఉంటే షుగర్ గోళీలకి లొంగదు, డాక్టరు ఇన్సులిన్ మొదలుపెడతారు, ఆర్నెల్లకి క్యాన్సర్ బయటపడుతుంది, ఇన్సులిన్ మీద నింద పడుతుంది. వాన రోజు గొడుగులన్నీ బయటికొచ్చాయి కాబట్టి గొడుగులే వాన తెచ్చాయన్నట్టు. మెట్‌ఫార్మిన్ గోళీకి ఇందుకు విరుద్ధంగా మంచిపేరు వచ్చింది, అది వాడేవాళ్లలో ఈ క్యాన్సర్ తక్కువని. ఆ నమ్మకంతో నెదర్లాండ్స్‌లో ముదిరిన క్లోమం క్యాన్సర్ ఉన్న 121 మందికి కీమోతో పాటు మెట్‌ఫార్మిన్ ఇచ్చి చూస్తే ఆయుష్షేమీ పెరగలేదు. షుగర్‌కి మంచి మందు, అంతవరకే.

మందుల వల్ల నిజంగా వచ్చే ఇబ్బంది ఇంకోటుంది, దాన్ని ఏ కౌన్సెలరూ చెప్పగా వినపడదు. క్లోమం క్యాన్సర్‌ని మామూలు షుగర్ నుంచి వేరుచేసే పెద్ద గుర్తు బరువు. మామూలు టైప్ 2 షుగర్ సాధారణంగా పొట్ట పెరిగాక వస్తుంది. గడ్డ వల్ల వచ్చే షుగర్ ఒళ్లు తగ్గుతుండగా వస్తుంది. ఇప్పుడు మందులే బరువు తగ్గిస్తున్నాయి: డాపాగ్లిఫ్లోజిన్ లాంటి గోళీలు రెండు మూడు కిలోలు, సెమాగ్లూటైడ్, 2025 మార్చిలో మన మార్కెట్‌కి వచ్చిన మౌంజారో లాంటి సూదులైతే పది కిలోలైనా. “సూది బాగా పనిచేస్తోంది” అనుకునే సంతోషంలో ఆ గుర్తు కొట్టుకుపోతుంది. విడదీసి చూసే పద్ధతి ఒకటుంది. మందు వల్ల బరువు తగ్గుతుంటే షుగర్ కూడా దానితోపాటే దిగాలి. బరువు దిగుతూ షుగర్ ఎక్కుతుంటే ఆ లెక్క ఎక్కడో తప్పింది. అలాగే, మందు మొదలుపెట్టకముందే నాలుగైదు కిలోలు పోయాయా, మొదలుపెట్టాక పోయాయా అన్న తేదీ కావాలి.

బరువు రాయడానికి ప్యాకేజీలో గడి లేదు. వెయింగ్ మెషీన్ సెంటరు మూలన ఉంటుంది, ఎవరూ ఎక్కమనరు. ఇది రెండో లోపం, మొదటిదానికంటే పెద్దది. మేయో క్లినిక్ బృందమే 2018లో ఎండ్‌ప్యాక్ అనే స్కోరు తయారుచేసింది. 50 దాటి కొత్తగా షుగర్ వచ్చినవాళ్లకి మూడే విషయాలతో లెక్క: షుగర్ వచ్చినప్పుడు వయసు, అంతకు ఏడాది ముందునుంచి బరువులో తేడా, ఏడాది ముందునుంచి షుగర్ అంకెలో తేడా. స్కోరు 3 లేదా అంతకంటే ఎక్కువ వచ్చినవాళ్లలో మూడేళ్లలో 3.6 శాతం మందికి క్యాన్సర్ తేలింది, సున్నా లేదా అంతకంటే తక్కువ వచ్చినవాళ్లలో ముప్పు బహు స్వల్పం. ఈ మూడు అంకెలకీ సూది గుచ్చే పని కూడా కొత్తగా లేదు.

ఉదాహరణకి ఒక కాగితం మీద ఇలా ఉందనుకోండి. పోయిన ఏడాది సంక్రాంతికి ఆఫీసు హెల్త్ చెకప్: బరువు 74, పరగడుపు షుగర్ 98. ఈ సంక్రాంతికి: బరువు 67, షుగర్ 168. వయసు 63. డైటింగ్ లేదు, వాకింగ్ లేదు, మందుల్లేవు. ఈ కాగితం చూసిన డాక్టరు సీఏ 19-9 నార్మల్ వచ్చినా సరే సీటీ రాయాలి. బ్రిటన్‌లో జీపీలకి, అంటే ఫ్యామిలీ డాక్టర్లకి, ఇచ్చిన సూచనల్లో ఇది అధికారికంగానే ఉంది: 60 దాటి, బరువు తగ్గి, దానికి తోడు కొత్తగా షుగర్ గానీ, నడుంనొప్పి, కడుపునొప్పి, విరేచనాలు, వాంతులు, మలబద్ధకంలో ఏదొకటి గానీ ఉంటే రెండు వారాల్లోపు సీటీ. ఇప్పుడు ఇంకో కాగితం: బరువు 74 నుంచి 79, షుగర్ 98 నుంచి 131, వయసు 52. ఇది పెళ్లి భోజనాలు, బిర్యానీ, కూర్చుని చేసే ఉద్యోగం. ఇద్దరికీ ఇదే ప్యాకేజీ అమ్ముతున్నారు.

కామెర్లు వేరే స్థాయి లక్షణం. నొప్పి లేకుండా కళ్లు పచ్చబడి, ఒళ్లంతా దురద, మూత్రం చాయ్ డికాక్షన్ రంగు, మలం బూడిదరంగులో జిగటగా నీళ్లమీద తేలుతూ, ఫ్లష్ చేసినా కమోడ్‌కి అంటుకుని ఉంటే ప్యాకేజీలు, పోస్టర్లు అన్నీ పక్కనపెట్టాలి. మన దగ్గర కామెర్లనగానే పసరు పోయించడానికి తీసుకెళతారు, పత్యం అని నెల రోజులు చప్పిడి తిండి పెడతారు. వైరస్ వల్ల వచ్చిన కామెర్లు పసరు పోసినా పోయకపోయినా చాలావరకు తగ్గుతాయి, అందుకే పసరుకి పేరొచ్చింది. క్లోమం తల దగ్గర గడ్డ నాళాన్ని నొక్కితే వచ్చే కామెర్లకి ఆ నెల రోజులే కీలకం. ఈ క్యాన్సర్ బయటపడేసరికి ఆపరేషన్‌కి వీలున్నది నూటికి 15 నుంచి 20 మందికే.

మరి ఆ మూడు వేలతో ఏం కొనాలి? పాత షుగర్ అయితే క్యాన్సర్ మార్కర్ లేని మామూలు డయాబెటిస్ ప్యాకేజీ చాలు. చాలా సెంటర్లలో అదే వెయ్యి, పదిహేను వందలు తక్కువకి వస్తుంది. అడిగితే ఇస్తారు, పోస్టరులో పెట్టరంతే. షుగర్ పరీక్ష వరకే అయితే బస్తీ దవాఖానాలో ఉచితం. మిగిలిన డబ్బుల్లో వెయ్యి పెట్టి ఇంట్లోకి మంచి వెయింగ్ మెషీన్ కొని, నెలకొకసారి ఒకే తేదీన, పొద్దున టాయిలెట్ అయ్యాక, ఒకే రకం బట్టలతో తూగి, క్యాలెండర్ మీద రాసుకుంటే ప్యాకేజీలో లేని పరీక్ష ఇంట్లోకి వచ్చినట్టే. పాత రిపోర్టులు పారేయకూడదు. ముఖ్యంగా షుగర్ నార్మల్‌గా ఉన్నప్పటివి.

కొందరికి మాత్రం మామూలు ప్యాకేజీ కూడా సరిపోదు. చిన్నతనం నుంచి కడుపునొప్పితో బాధపడి క్లోమంలో రాళ్లున్నవాళ్లు, అంటే దీర్ఘకాలిక ప్యాంక్రియాటైటిస్ ఉన్నవాళ్లు ఒక తరగతి. వాళ్ల షుగర్ టైప్ 2 కాదు, క్లోమం దెబ్బతిని వచ్చినది. ముప్పు కూడా మామూలు షుగర్ కంటే బాగా ఎక్కువ. తల్లిదండ్రులు, తోబుట్టువుల్లో ఇద్దరికి ఈ క్యాన్సర్ వచ్చిన కుటుంబాలు ఇంకో తరగతి. వీళ్లు గ్యాస్ట్రో డాక్టరు దగ్గర క్రమంగా చూపించుకోవాలి. ఈ పని చేసే పెద్ద చోట్లు నగరంలో కొదవలేదు: పంజాగుట్ట నిమ్స్, ఉస్మానియా, గచ్చిబౌలి ఏఐజీ, క్యాన్సర్ తేలాక రెడ్‌హిల్స్ ఎంఎన్‌జే, బంజారాహిల్స్ బసవతారకం. పొగ తాగేవాళ్లకి ముప్పు దాదాపు రెండింతలు. అంటే పోస్టరులో షుగర్‌కి రాసినంతే, కానీ సిగరెట్ మీద ఏ ల్యాబూ పోస్టరు వేయలేదు.

సీటీ రాశారంటే, చీటీ మీద ‘సీటీ అబ్డామెన్’ అని ఉందా ‘ప్యాంక్రియాస్ ప్రోటోకాల్’ అని ఉందా చూసుకోవాలి. మామూలు కడుపు సీటీలో నరంలోకి కాంట్రాస్ట్ మందు ఎక్కించాక బొమ్మలు ఒకసారే తీసేస్తారు. ప్యాంక్రియాస్ ప్రోటోకాల్‌లో రెండుసార్లు: మందు ఎక్కించిన 40-45 సెకన్లకి ఒకసారి, అప్పుడు క్లోమం తెల్లగా మెరుస్తుంది, గడ్డ నల్లగా తేడాగా కనిపిస్తుంది, 70 సెకన్లకి ఇంకోసారి, సిరలూ లివరూ చూడటానికి. స్కాన్ బొమ్మల ముక్కలు (స్లైసులు) 3 మిల్లీమీటర్ల కంటే మందం ఉండకూడదు. తాగించేది తెల్ల మందు కాదు, మంచినీళ్లు. ముందు క్రియాటినిన్ కావాలి, ప్యాకేజీలో చేసినది కొత్తదైతే అదే పనికొస్తుంది. కిడ్నీ పనితీరు అంకె, అంటే ఈజీఎఫ్ఆర్, 30కి పైన ఉండి కిడ్నీకి కొత్తగా దెబ్బేమీ లేకపోతే మెట్‌ఫార్మిన్ ఆపనక్కర్లేదంటారు. తక్కువుంటే ఆపి, 48 గంటలయ్యాక కిడ్నీ పరీక్ష మళ్లీ చూసి మొదలుపెడతారు. సీటీలో తేలక అనుమానం మిగిలితే నోట్లోంచి గొట్టం వేసి లోపలినుంచి చేసే ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ ఉంది, రెండు సెంటీమీటర్ల లోపు గడ్డలకి అది సీటీ కంటే మెరుగు, బయాప్సీకి గడ్డ ముక్క కూడా అక్కడే తీస్తారు.

స్కాన్ సెంటరు నుంచి వచ్చేటప్పుడు పెద్ద కవర్లో ఫిల్ములిస్తారు. సీడీ అడిగి తీసుకోవాలి, అడగకపోతే చాలాచోట్ల ఇవ్వరు. గడ్డ ఉందనే తేలితే సర్జన్ ముందు చూసేది దాని సైజు కంటే, అది పక్కనున్న పెద్ద రక్తనాళాన్ని ఎంతమేర చుట్టుకుందన్నది. ఫిల్ము మీద వేసిన ఇరవై బొమ్మల్లో అది తేలదు. సీడీలోని వందల ముక్కల్ని కిందికీ పైకీ జరిపి చూస్తేనే తేలుతుంది, లేకపోతే అదే స్కాన్ ఇంకో ఆసుపత్రిలో మళ్లీ డబ్బులు కట్టి తీయించుకోవాల్సి వస్తుంది.